భాగం 9: భూమిని కాపాడే యజమానికి పన్ను ప్రోత్సాహకం – ఎందుకు, ఎలా, ఎంతవరకు?

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

• ప్రజాప్రయోజనం కోసం భూమి వినియోగంపై ఆంక్ష పెట్టినప్పుడు ఆ భారం ఎవరి మీద పడుతుందో
• సంరక్షణ ఈజ్‌మెంటు అనే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో
• ఆదాయ మినహాయింపుకూ పన్ను జమకూ ఉన్న తేడా
• అమెరికాలో ఈ విధానం ఎక్కడ ఫలించిందో, ఎక్కడ దుర్వినియోగమైందో
• మన చట్టాల్లో ఉన్న అడ్డంకులు, తెలంగాణకు తగిన సంస్కరణ మార్గాలు

9.1 పరిచయం

హైదరాబాదుకు పడమర దిక్కున ఉన్న మొయినాబాద్ మండలంలో మూడెకరాల పట్టా భూమి ఉన్న ఒక రైతును ఊహించుకోండి. ఆ పొలం మీద పడిన వాన కొంత భూమిలో ఇంకుతుంది, మిగిలింది వాగుల గుండా ఉస్మాన్‌సాగర్‌కు, అంటే మనం గండిపేట అని పిలుచుకునే జలాశయానికి చేరుతుంది. ఆ మూడెకరాల్లో కాంక్రీటు పడకపోతే మేలు పొందేది నగరం. లేఅవుటు వేసుకునే అవకాశం పోతే నష్టపోయేది ఆ రైతు. మేలు లక్షలమందికి తలా కొంచెం అందుతుంది, నష్టం మాత్రం మొత్తంగా ఒక్క కుటుంబం మీద పడుతుంది.

ప్రభుత్వ ఆర్థికశాస్త్రంలో దీన్ని బాహ్య ప్రయోజనాల సమస్య అంటారు. ఒకరి ఆస్తి నుంచి ఇతరులకు అందే మేలుకు బజారులో ధర ఉండదు. ధర లేనిదాన్ని ఎవరూ ఎక్కువకాలం ఉచితంగా సరఫరా చేయరు. ఈ సమస్యకు ప్రభుత్వం ముందు మూడు దారులున్నాయి. ఒకటి, భూమిని సేకరించి పరిహారం ఇవ్వడం. రెండు, పరిహారం లేకుండా ఆంక్ష పెట్టడం. మూడు, యజమాని తనంతట తాను భూమిని అలాగే ఉంచడానికి ప్రోత్సాహకం ఇవ్వడం. మన రాష్ట్రాలు ఎక్కువగా మొదటి రెండు దారుల్లోనే నడిచాయి. ఈ భాగంలో మూడో దారిని పరిశీలిద్దాం.

9.2 మన ముందున్న సమస్య: జి.వో. 111, కొల్లేరు

1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును అతలాకుతలం చేసింది. ఆ తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ నిర్మాణమయ్యాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం అనే రెండు పనులూ ఇవి చేశాయి.

నగరం పడమరకు పెరగడం మొదలయ్యాక ఈ జలాశయాల పరీవాహక ప్రాంతానికి ముప్పు వచ్చింది. 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.వో. 111 జారీ చేసింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలకు ఇది వర్తించింది. ఈ గ్రామాల విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు ఈ పరిధిలో రాకూడదని ఉత్తర్వు చెప్పింది. 90 శాతం భూమి సాగు, తోటలు, వినోదస్థలాల వంటి సంరక్షణ వినియోగంలోనే ఉండాలని కూడా చెప్పింది. ఈ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు ఇవ్వదలచిన సడలింపును సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో తోసిపుచ్చింది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా పర్యావరణ న్యాయశాస్త్రంలో దీన్ని మీరు మళ్ళీ చూస్తారు. ముందుజాగ్రత్త సూత్రానికి ఇది ముఖ్యమైన ఉదాహరణ.

పర్యావరణం దృష్టితో చూస్తే ఉత్తర్వు అవసరమైనదే. అయితే దానిలో ఒక లోపం ఉంది. 84 గ్రామాల యజమానులు నగరం కోసం వదులుకున్నదానికి ఎలాంటి చెల్లింపూ ఏర్పాటు చేయలేదు. పక్కనే గచ్చిబౌలి, నార్సింగి ధరలు ఆకాశానికి ఎక్కుతుంటే, గీతకు ఇవతల ఉన్నవారు తమ భూమి ధరను వారితో పోల్చి చూసుకుంటూ ఉండిపోయారు. ఉత్తర్వును రద్దు చేయాలన్న కోరిక ఏ ఎన్నికలోనూ సద్దుమణగలేదు. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి వచ్చాక, ఈ జలాశయాల మీద ఆధారపడటం తగ్గిందన్న వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో జి.వో. 69 ద్వారా ప్రభుత్వం కొన్ని షరతులతో ఆంక్షలను తొలగించింది. 2023 మేలో మంత్రివర్గం జి.వో. 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది.

ఇందులో మీరు గమనించవలసిన విషయం ఇది: ఆంక్ష వల్ల నష్టపోయేవారు వేలల్లో, ఒకేచోట, గట్టిగా మాట్లాడగలిగేలా ఉన్నారు. లాభపడేవారు నగరమంతా చెదిరి ఉన్నారు, తమకు లాభం కలుగుతోందన్న సంగతి కూడా వారికి తెలియదు. ఇలాంటి ఆంక్ష ఎంత న్యాయమైనదైనా రాజకీయంగా నిలబడటం కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు ఇదే కథకు మరో రూపం. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అభయారణ్యం లోపల వేల ఎకరాల జిరాయతీ భూములు కూడా ఉన్నాయి. పట్టా తమ పేరున ఉండి, చెరువు తవ్వుకునే హక్కు లేని ఆ రైతులకు పరిహారం ఇవ్వాలా, లేక కాంటూరునే తగ్గించాలా అన్న వాదం ఏళ్ళ తరబడి సాగింది. పరిహారం ప్రశ్నకు జవాబు దొరకనప్పుడల్లా సరస్సును కుదించమన్న కోరికే ముందుకు వస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
పరిహారం లేని ఆంక్ష రాజకీయంగా ఎందుకు నిలవదు? మీ మాటల్లో ఐదు పంక్తులలో రాయండి.

9.3 సంరక్షణ ఈజ్‌మెంటు అంటే ఏమిటి?

ఈజ్‌మెంటు మాట మీకు కొత్త కాదు. పక్కవాడి పొలం గుండా బండి బాట, పైచేను నుంచి కిందిచేనుకు నీటి కాలువ, ఇంటి కిటికీకి వెలుతురు, ఇవన్నీ ఈజ్‌మెంటు హక్కులే. ఒకరి భూమి మీద మరొకరికి ఉండే పరిమితమైన హక్కు ఇది.

భూమి మీద యాజమాన్యం ఒకే హక్కు కాదు, అనేక హక్కుల మూట. దున్నుకునే హక్కు, అమ్ముకునే హక్కు, వారసులకు ఇచ్చే హక్కు, కట్టడం కట్టే హక్కు, మట్టి తవ్వే హక్కు, అన్నీ ఆ మూటలో ఉంటాయి. సంరక్షణ ఈజ్‌మెంటులో యజమాని ఆ మూటలోంచి ఒకటి రెండు హక్కులను తీసి ఒక ప్రభుత్వ సంస్థకో, గుర్తింపు పొందిన ధర్మసంస్థకో శాశ్వతంగా రాసిస్తాడు. సాధారణంగా అవి ప్లాట్లుగా విభజించే హక్కు, కట్టడం కట్టే హక్కు. ఆ సంస్థ ఆ హక్కును వాడుకోదు, మరెవరూ వాడుకోకుండా కాపలా కాస్తుంది. యజమాని దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇవ్వచ్చు. అయితే కొన్నవారికీ వారసులకూ ఆ షరతు వర్తిస్తుంది.

రాసిచ్చిన హక్కు విలువను లెక్కగట్టే పద్ధతి సులభం: ఆంక్షకు ముందు భూమి ధర నుంచి ఆంక్ష తరవాతి ధర తీసివేయాలి. కోటి రూపాయల భూమి షరతు తరవాత 40 లక్షలకే పలికితే, యజమాని ప్రజలకు ఇచ్చిన దానం విలువ 60 లక్షలు. లెక్క సులభమే గాని, అందులోని మొదటి అంకె ఎవరు వేస్తారన్న దానిలోనే చిక్కంతా ఉంది. దాన్ని 9.5లో చూద్దాం.

9.4 ఆదాయ మినహాయింపు, పన్ను జమ: తేడా ఎక్కడ?

పరీక్షల్లో విద్యార్థులు ఈ రెంటినీ తరచుగా కలిపేస్తారు. జాగ్రత్తగా విడదీసి చూడండి.

ఆదాయ మినహాయింపు అంటే పన్ను వేయవలసిన ఆదాయంలోంచి కొంత తీసివేయడం. పన్ను జమ అంటే కట్టవలసిన పన్నులోంచే కొంత తీసివేయడం. మనకు తెలిసిన మాటలో ఇది రిబేటు లాంటిది. టాక్స్ క్రెడిట్ అనేదాన్నే ఇక్కడ పన్ను జమ అంటున్నాం.

పై ఉదాహరణలోని 60 లక్షల దానాన్నే ముగ్గురు యజమానులకు అన్వయిద్దాం. ఇవి బోధన కోసం తీసుకున్న ఊహాత్మక అంకెలు.

మొదటి యజమాని నగరంలో వ్యాపారి. 30 శాతం పన్ను శ్రేణిలో ఉన్నాడు. ఆయనకు ఆదాయ మినహాయింపు ఇస్తే 60 లక్షల మీద 18 లక్షల పన్ను ఆదా అవుతుంది.

రెండో యజమాని విశ్రాంత ఉద్యోగి. 10 శాతం శ్రేణిలో ఉన్నాడు. ఆయన ఆదాయం తక్కువ కాబట్టి మొత్తం మినహాయింపును ఏళ్ళ తరబడి వాడుకున్నా ఆదా అయ్యేది 6 లక్షలే.

మూడో యజమాని మన మొయినాబాద్ రైతు. ఆయన ఆదాయపు పన్నే కట్టడు. మినహాయింపు వల్ల ఆయనకు వచ్చేది సున్నా.

ముగ్గురూ ఇచ్చిన దానం ఒకటే, అందిన ప్రోత్సాహకం మాత్రం 18 లక్షలు, 6 లక్షలు, సున్నా. ఎక్కువ ఆదాయం ఉన్నవాడికే ఎక్కువ మేలు చేసే ఈ గుణాన్ని తలకిందుల సబ్సిడీ అంటారు.

ఇప్పుడు దానం విలువలో 40 శాతం పన్ను జమ ఇస్తామనుకోండి. ముగ్గురికీ కాగితం మీద 24 లక్షల జమ దక్కుతుంది. రైతుకు పన్నే లేదు కాబట్టి ఆ జమ వాడుకోలేడు. అందుకే రెండు సవరణలు అవసరమవుతాయి. ఒకటి, వాడుకోలేని జమను ప్రభుత్వం నగదుగా ఇవ్వడం. రెండు, జమను పన్ను కట్టే మరొకరికి అమ్ముకోనివ్వడం. రూపాయి జమను 85 పైసలకు అమ్మినా రైతు చేతికి 20 లక్షల 40 వేలు వస్తాయి. మిగిలిన 3 లక్షల 60 వేలు కొన్నవాడికి లాభం. ప్రభుత్వం 24 లక్షలు వదులుకుంటే రైతుకు చేరింది 20.4 లక్షలన్న సంగతి మాత్రం మరవకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
పై ఉదాహరణలో జమ 50 శాతమై, రూపాయికి 80 పైసల చొప్పున అమ్ముడుపోతే రైతుకు ఎంత చేరుతుంది? ప్రభుత్వం ఎంత వదులుకుంటుంది?

9.5 అమెరికా అనుభవం: ఫలితాలు, దుర్వినియోగం, సంస్కరణ

సంరక్షణ ఈజ్‌మెంటును దానంగా గుర్తించి ఆదాయ మినహాయింపు ఇచ్చే నిబంధన అమెరికా కేంద్ర పన్ను చట్టంలో 1976లో తాత్కాలికంగా ప్రవేశించి 1980లో శాశ్వతమైంది. దీనికి అదనంగా కొన్ని రాష్ట్రాలు సొంతంగా పన్ను జమ ఇస్తున్నాయి. 1983లో ఉత్తర కరోలినా ఈ దారిలో ముందు నడిచింది.

వర్జీనియా 1999లో చట్టం చేసి, 2000 నుంచి దానం విలువలో 50 శాతాన్ని జమగా ఇచ్చింది. జమను అమ్ముకోనివ్వడంతో తక్కువ ఆదాయం గల రైతులు కూడా ముందుకు వచ్చారు. వ్యయం కూడా అంతే వేగంగా పెరిగింది. అందువల్ల 2007 నుంచి జమను 40 శాతానికి తగ్గించి, ఏడాదికి మొత్తం 10 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. 2015 నుంచి ఆ పరిమితి 7.5 కోట్ల డాలర్లు. 10 లక్షల డాలర్లు దాటిన జమ కోరితే, ఆ భూమికి నిజంగా సంరక్షణ విలువ ఉందో లేదో రాష్ట్ర పరిరక్షణ శాఖ ముందే పరిశీలిస్తుంది.

కొలరాడోలో కథ చేదుగా నడిచింది. అక్కడ కూడా 2000 నుంచి అమ్ముకోగల జమ ఇచ్చారు. కొందరు మదింపుదారులు భూముల ధరలను విపరీతంగా పెంచి చూపారు. రాష్ట్ర రెవెన్యూ శాఖ వందల జమలను తరవాత తిరస్కరించింది. అప్పటికే భూమి మీద హక్కులు శాశ్వతంగా రాసిచ్చిన నిజాయితీపరులైన రైతులు కూడా జమ పోగొట్టుకుని, వడ్డీలతో సహా పన్ను బకాయిల్లో పడ్డారు. ఈజ్‌మెంటు మాత్రం రద్దు కాలేదు. 2008 నుంచి కొలరాడో నిబంధనలు బిగించింది, హక్కు స్వీకరించే సంస్థలకు ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. తరవాత జమ ధ్రువపత్రాన్ని ముందే ఇచ్చే పద్ధతి తెచ్చింది. నమ్మకం కుదిరాక 2021లో జమను దానం విలువలో 90 శాతానికి పెంచింది. ముందు తనిఖీ, తరవాత ఉదారత అన్న ఈ వరుసక్రమాన్ని గుర్తుపెట్టుకోండి.

కేంద్ర స్థాయిలో మరో రకం దుర్వినియోగం జరిగింది. కొందరు దళారులు చవకగా భూమి కొని, అధికాదాయ వర్గాలను భాగస్వాములుగా చేర్చుకుని, కొన్న కొద్ది నెలలకే దాని విలువ అనేక రెట్లు పెరిగిందని మదింపు వేయించి, ఈజ్‌మెంటు రాసిచ్చి భారీ మినహాయింపులు పంచుకున్నారు. 2016 డిసెంబరులో అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి లావాదేవీలను తప్పనిసరిగా వెల్లడించవలసిన అనుమానాస్పద జాబితాలో చేర్చింది. 2022 డిసెంబరులో చేసిన చట్టం, భాగస్వాములు పెట్టిన పెట్టుబడికి రెండున్నర రెట్లు మించి దానం విలువ చూపితే మినహాయింపే ఉండదని చెప్పింది. మూడేళ్ళకు పైగా ఉంచుకున్న భూమికి, కుటుంబ భాగస్వామ్యాలకు దీని నుంచి సడలింపు ఉంది.

మన జంట జలాశయాలకు దగ్గరగా ఉన్న ఉదాహరణ న్యూయార్క్ నగరానిది. ఆ నగరపు తాగునీటిలో అత్యధిక భాగం దూరాన ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వస్తుంది. వడపోత కేంద్రం కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు కావాలన్న అంచనా నగరం ముందుకు వచ్చింది. 1997లో నగరం, రాష్ట్రం, కేంద్ర పర్యావరణ సంస్థ, ఎగువ పట్టణాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. అమ్మడానికి ఇష్టపడినవారి నుంచే నగరం భూమినో ఈజ్‌మెంటునో కొంటుంది, కొన్న భూమికి స్థానిక ఆస్తిపన్ను తానే కడుతుంది, రైతులకు పశువుల పేడ నిర్వహణ వంటి పనుల్లో సాయం చేస్తుంది. నీరు తాగేవాడు నీటిని కాపాడేవాడికి డబ్బు చెల్లించాడు. ఇందులో పన్ను జమ లేదు, నేరుగా చెల్లింపే ఉంది.

9.6 మన చట్టాల్లో ఉన్న అడ్డంకులు

ఈ విధానాన్ని యథాతథంగా తెచ్చుకోవచ్చా? నాలుగు అడ్డంకులున్నాయి.

మొదటిది ఈజ్‌మెంటు చట్టం. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 4 ప్రకారం ఈజ్‌మెంటు ఒక వ్యక్తికి కాక, ఒక భూమి అనుభవానికి అనుబంధంగా ఉండాలి. లాభపడే భూమి ఒకటి, భారం మోసే భూమి ఒకటి ఉండాలి. సొంత భూమి లేని సంరక్షణ సంస్థ కేవలం పర్యావరణం పేరుతో ఈ హక్కు పొందలేదు. జలాశయం ఉన్న స్థలమే లాభపడే భూమి అని, దాని పక్క పొలాల విషయంలో వాదించవచ్చు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలానికి ఆ వాదన సాగదీయడం కష్టం. కాబట్టి ప్రత్యేక చట్టం అవసరం.

రెండోది ఆదాయపు పన్ను. వ్యవసాయ ఆదాయానికి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) కింద మినహాయింపు ఉంది. పట్టణ పరిధికి నిర్ణీత దూరం బయట ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి అసలు మూలధన ఆస్తి కిందికే రాదు, అమ్మినా మూలధన లాభం పన్ను పడదు. అంటే ఆ భూమిని స్థిరాస్తి వ్యాపారికి అమ్ముకున్న రైతుకు పన్ను లేదు, కాపాడుకున్న రైతుకు ప్రోత్సాహకం లేదు. అలాగే సెక్షన్ 80జి కింద దానాలకు మినహాయింపు డబ్బు రూపంలో ఇస్తేనే వస్తుంది. భూమినో, భూమి మీది హక్కునో ఇస్తే రాదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేటప్పుడు సెక్షన్ల సంఖ్యలు మారతాయి. మీరు సంఖ్యల కన్నా సూత్రాలను గుర్తుపెట్టుకోవడం మేలు.

మూడోది రాజ్యాంగంలోని అధికారాల పంపకం. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్ర జాబితాలోది. భూమి శిస్తు, వ్యవసాయ ఆదాయంపై పన్ను, భూములు భవనాలపై పన్ను రాష్ట్ర జాబితాలోవి. తెలంగాణ శాసనసభ తలచుకున్నా ఆదాయపు పన్ను జమ ఇవ్వలేదు. తన చేతిలో ఉన్నవాటితోనే ప్రోత్సాహకం నిర్మించాలి: ఆస్తిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, భూమి రిజిస్ట్రేషన్ మీద స్టాంపు సుంకం, భూవినియోగ మార్పిడికి వసూలు చేసే నాలా రుసుము.

నాలుగోది భూమి రికార్డులు. శాశ్వత షరతు నిలవాలంటే అది కొనేవాడికి కనబడాలి. 2020 అక్టోబరులో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. భూమి రికార్డులో సంరక్షణ షరతుకు ఒక గడి లేకపోతే, ఒప్పందం రాసినవాడి మనవడు దాన్ని తెలియకనే ఉల్లంఘిస్తాడు.

9.7 మన దగ్గర ఉన్న దగ్గరి సాధనం: టి.డి.ఆర్.

మనకు పూర్తిగా కొత్తదేమీ కాని ఒక సాధనం ఇప్పటికే ఉంది. అది అభివృద్ధి హక్కుల బదిలీ, వాడుకలో టి.డి.ఆర్. ఒక స్థలంలో కట్టుకోలేని హక్కును ధ్రువపత్రంగా మార్చి, మరోచోట అదనపు అంతస్తు కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. 2017 డిసెంబరు నాటి జి.వో. 330 ప్రకారం రోడ్డు విస్తరణకు ఉచితంగా ఇచ్చిన స్థలానికి 400 శాతం, చెరువులు, నాలాల సంరక్షణకు ఇచ్చిన స్థలానికి 200 శాతం, వారసత్వ కట్టడాలకు 100 శాతం హక్కు ఇచ్చారు. ఈ రేట్లను ప్రభుత్వం కాలానుగుణంగా సవరించవచ్చు. రోడ్డుకు ఇచ్చిన గజం చెరువుకు ఇచ్చిన గజం కన్నా రెట్టింపు విలువైనదని ఆ పట్టిక చెబుతోంది. దాని వెనుక ఉన్న విలువల తూకం గురించి మీరే ఆలోచించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. నేను ఉండే సికింద్రాబాదులోని మెట్టుగూడ మెట్రో మార్గం మీద ఉంది. ఇలాంటిచోట అదనపు అంతస్తులకు గిరాకీ ఉంటుంది. చెరువు ఒడ్డున కట్టని అంతస్తు ధ్రువపత్రంగా మారి మెట్టుగూడలో పైకి లేస్తుంది. ప్రభుత్వ ఖజానా నుంచి రూపాయి బయటికి పోదు. అయితే ఖర్చు లేనట్టు కాదు. ఆ అదనపు అంతస్తులకు తాగునీరు, డ్రైనేజీ, పార్కింగ్ మెట్టుగూడ వీధులే భరించాలి. టి.డి.ఆర్.లో భారం మాయం కాదు, చోటు మారుతుంది.

టి.డి.ఆర్.కు మరో పరిమితి కూడా ఉంది. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్. ఆ పట్టీ మీద ఉన్న యజమానికి టి.డి.ఆర్. సరిపోవచ్చు. ఎనిమిది కిలోమీటర్ల ఎగువన మూడెకరాలు సాగుచేసే రైతుకు అది అందదు. పరీవాహక ప్రాంతం మొత్తానికి ధ్రువపత్రాలు ఇస్తే కొనేవారు చాలక ధర పడిపోతుంది. అలాగే ఆక్రమణల తొలగింపుకు 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా వంటి సంస్థ అక్రమ కట్టడాన్ని కూల్చగలదు. అక్రమం చేయని యజమానికి చెల్లింపు ఇవ్వడం దాని పని కాదు. శిక్ష, ప్రోత్సాహకం రెండు వేరు పనిముట్లు.

9.8 సంస్కరణకు ఆరు సూత్రాలు

పై అనుభవాల నుంచి రాష్ట్ర స్థాయిలో రూపొందించగల విధానానికి ఆరు సూత్రాలు తీయవచ్చు.

1. ముందు పటం, తరవాత చెల్లింపు. వాగులు, కాలువలు, నీరు ఇంకే నేలలను గుర్తించి, ఏ సర్వే నంబరు నీటికి ఎంత ముఖ్యమో ముందే ప్రకటించాలి. ఎక్కడపడితే అక్కడ ఈజ్‌మెంటు తీసుకోకూడదు.

2. మదింపు యజమాని చేతిలో ఉండకూడదు. యజమాని నియమించి డబ్బిచ్చే మదింపుదారు ఎటు మొగ్గుతాడో కొలరాడో చూపింది. ప్రాంతాలవారీగా ఎకరాకు ముందే ప్రకటించిన రేటు ఉంటే బేరానికి తావుండదు.

3. వార్షిక పరిమితి ఉండాలి. పన్ను మినహాయింపు కూడా ప్రభుత్వ వ్యయమే. బడ్జెటు పద్దులో కనబడదు కాబట్టి అది అదుపు తప్పడం తేలిక.

4. పన్ను కట్టనివారికి నగదు చెల్లింపు ఉండాలి. 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్కన రైతులకు డబ్బు చేర్చవచ్చని చూపింది. అందులో సాగు పద్ధతిపై షరతు లేదు. అదే దారిలో, షరతుతో కూడిన సంరక్షణ చెల్లింపును పంపవచ్చు. అయితే పట్టాదారుకే డబ్బు చేరి, నేల దున్నే కౌలు రైతు బయటే మిగిలిపోయిన విమర్శను ఈసారి ముందే పరిష్కరించాలి. రసాయనాలు తగ్గించి సాగుచేసేది ఆయనే.

5. డబ్బు నీటి వాడకందారు నుంచి రావాలి. నగరపు నీటి బిల్లులో చిన్న సెస్సు, నాలా రుసుములో కొంత వాటా కలిపి ప్రత్యేక నిధిగా పెట్టవచ్చు. నిధి విడిగా లేకపోతే మూడో ఏడు చెల్లింపు ఆగిపోతుంది.

6. గడువు విషయంలో ఆచితూచి వ్యవహరించాలి. చిన్న రైతుకు శాశ్వత ఒప్పందం భయం కలిగిస్తుంది. పదిహేను ఇరవై ఏళ్ళ ఒప్పందానికి తక్కువ రేటు, శాశ్వత ఒప్పందానికి ఎక్కువ రేటు ఇచ్చి ఎంపిక ఆయనకే వదలాలి. ఏటా తనిఖీ, ఉల్లంఘిస్తే తీసుకున్న సొమ్ము తిరిగి వసూలు తప్పనిసరి.

9.9 ప్రధాన అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: చట్టం పాటించినందుకు డబ్బెందుకు? పూర్తి నీటిమట్టం లోపల, బఫర్ జోన్‌లో కట్టకపోవడం యజమాని కనీస బాధ్యత. దానికి చెల్లింపు ఇస్తే చట్టం బలహీనపడుతుందన్న మాటలో నిజముంది. కాబట్టి చెల్లింపు కనీస బాధ్యతకు మించి చేసినదానికే పరిమితం కావాలి.

రెండో అభ్యంతరం: అమ్మకపు ధరతో పోలిస్తే ఏ చెల్లింపైనా చాలదు. ఇదీ నిజమే. ఎకరం కోట్లు పలికే చోట ఏటా కొన్ని వేలు ఇచ్చి ఎవరినీ ఆపలేం. ప్రోత్సాహకం ఆంక్షకు ప్రత్యామ్నాయం కాదు, ఆంక్షను న్యాయంగా, భరించదగినదిగా మార్చే తోడు మాత్రమే. రాజ్యాంగం 300ఎ అధికరణం చట్టప్రకారం తప్ప ఆస్తి హరించకూడదంటుంది. వినియోగంపై నియంత్రణను మన న్యాయస్థానాలు సాధారణంగా భూసేకరణతో సమానంగా చూడవు. చట్టం బలవంతం చేయని చోట కూడా న్యాయం చేయడం విధానకర్త పని.

మూడో అభ్యంతరం: పెద్ద ఫామ్‌హౌసుల యజమానులే లాభపడతారు. ఇది తీసిపారేయలేని భయం. ఒక్కో కుటుంబానికి ఎకరాల పరిమితి పెట్టడం, చిన్న కమతాలకు ముందు వరుస ఇవ్వడం దీనికి విరుగుడు.

9.10 సారాంశం

నీటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడే భారం కొద్దిమంది యజమానుల మీద, లాభం నగరమంతటికీ చేరడం ఈ భాగంలోని మూల సమస్య. పరిహారం లేని ఆంక్ష ఎలా బలహీనపడుతుందో జి.వో. 111, కొల్లేరు చూపాయి. సంరక్షణ ఈజ్‌మెంటుకు పన్ను ప్రోత్సాహకం ఒక మార్గం. ఆదాయ మినహాయింపు ధనవంతులకే ఎక్కువ మేలు చేస్తుంది. నగదుగా మార్చుకోగల పన్ను జమ ఆ లోపాన్ని కొంత తీరుస్తుంది. మదింపు సరిగా లేకపోతే ఖజానాకూ నిజాయితీగల రైతుకూ నష్టమేనని కొలరాడో అనుభవం చెబుతోంది. మన పన్ను నిర్మాణంలో రైతుకు ఆదాయపు పన్ను జమ పనికిరాదు కనుక టి.డి.ఆర్., ప్రత్యేక నిధి నుంచి నేరు చెల్లింపు, భూమి రికార్డులో షరతు నమోదు కలిపిన రాష్ట్ర చట్టమే ఆచరణీయం.

9.11 కీలక పదాలు

సంరక్షణ ఈజ్‌మెంటు: భూమిని విభజించే, కట్టడం కట్టే హక్కులను యజమాని ప్రజాప్రయోజనం కోసం శాశ్వతంగా వదులుకునే ఒప్పందం.
పన్ను జమ: కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం.
తలకిందుల సబ్సిడీ: ఆదాయం పెరిగేకొద్దీ ఎక్కువగా అందే ప్రభుత్వ సాయం.
పూర్తి నీటిమట్టం: చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, వాడుకలో ఎఫ్.టి.ఎల్.
జిరాయతీ భూమి: ప్రైవేటు వ్యక్తికి పట్టా హక్కు ఉన్న సాగుభూమి.

9.12 అభ్యాసం, నమూనా పరీక్షా ప్రశ్నలు

క్షేత్ర పరిశీలన: మీ ఇంటికి దగ్గరలోని ఒక చెరువును ఎంచుకోండి. మెట్టుగూడ పరిసరాల్లో ఉన్నవారు సఫిల్‌గూడ చెరువును చూడవచ్చు. ఎఫ్.టి.ఎల్. హద్దురాళ్ళు ఉన్నాయా, బఫర్ జోన్‌లో ఏముంది, నీరు ఏ నాలా గుండా వస్తోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుని సంపర్క తరగతికి తీసుకురండి.

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆదాయ మినహాయింపుకూ పన్ను జమకూ తేడాను ఉదాహరణతో వివరించండి.
2. భారత ఈజ్‌మెంట్ల చట్టం సంరక్షణ ఈజ్‌మెంటుకు ఎందుకు సరిపోదు?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వర్జీనియా, కొలరాడో అనుభవాలను పోల్చి, తెలంగాణకు పనికివచ్చే పాఠాలు రాయండి.
2. మొయినాబాద్ రైతు, మెట్టుగూడ అపార్టుమెంటు వాసి, నగర జలమండలి అధికారి – ఈ ముగ్గురి దృష్టితో 9.8లోని ఆరు సూత్రాలను విమర్శించండి.

ప్రగతి సమీక్ష – 2 సమాధానం: రైతుకు చేరేది 24 లక్షలు. ప్రభుత్వం వదులుకునేది 30 లక్షలు.